ఉమ్మడి కాలువ, ఉమ్మడి వల: ఇంటర్నెట్టు పాలన చరిత్ర

ఒక వస్తువునకు యజమాని ఒక్కడే అయినచో దానిని గూర్చిన నిర్ణయము తేలిక. పెరటి బావిలో నీరు ఎప్పుడు తోడుకొనవలెనో ఆ ఇంటివారే నిర్ణయించుకొందురు. ఊరి కాలువ సంగతి అట్లు కాదు. ఎగువ రైతు తూము తలుపు ఎక్కువగా ఎత్తినచో దిగువ రైతు నారుమడి ఎండును. దిగువ రైతు మురుగు కాలువకు అడ్డుకట్ట వేసినచో ఎగువ రైతు చేను మునుగును. కాలువ ఏ ఒక్కరి సొత్తును కాదు. అందరి బ్రతుకును దానిమీదనే ఆధారపడియుండును.

నేడు ప్రపంచమంతటను అల్లుకొనియున్న ఇంటర్నెట్టు కూడ అటువంటి ఉమ్మడి వస్తువే. దాని తీగలు వేరువేరు కంపెనీలవి, ప్రభుత్వములవి. యంత్రములు వేరువేరు సంస్థలవి. మొత్తము వలకు మాత్రము యజమాని లేడు. అయినను విజయవాడలో ఒక విద్యార్థి తన కంప్యూటరులో ఒక చిరునామా టైపు చేసిన క్షణములోనే, సముద్రముల కావల నున్న సరియైన యంత్రము బదులు పలుకుచున్నది. ఈ చిరునామాలను పంచి పెట్టినవారు ఎవరు? ఈ వలలో తెలుగు అక్షరములకు చోటు నిర్ణయించినవారు ఎవరు? ఆ నిర్ణయములలో తెలుగువారికి మాట కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము అరువది సంవత్సరములకు దగ్గరగా సాగివచ్చిన ఒక చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర సులభముగా బోధపడవలెనన్న, మొదట కృష్ణా డెల్టాలోని నీటి పంపకమును చూచుట మంచిది.

కృష్ణా డెల్టా చెప్పు పాఠము

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు ప్రాంతము ఘోరమైన కరువు వాత పడినది. చెంతనే కృష్ణ ప్రవహించుచుండగా జనులు ఆకలితో మరణించిరి. ఇటువంటి అనుభవముల పిమ్మట విజయవాడ వద్ద నదికి ఆనకట్ట కట్టుట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. నిర్మాణమును నడిపిన ఇంజనీరు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. ఆ ఆనకట్ట 1952లో దెబ్బతినగా, 1954 - 1957 సంవత్సరముల నడుమ ప్రకాశం బ్యారేజి నిర్మింపబడినది. అక్కడి నుండి ఎడమ గట్టున ఏలూరు, రైవస్, బందరు కాలువలును, కుడి గట్టున సీతానగరము వద్ద మొదలగు పశ్చిమ డెల్టా కాలువలును 12 లక్షల ఎకరములకు పైగా భూమిని తడుపుచున్నవి.

ఈ నీటిని గూర్చి రెండు రకముల నిర్ణయములు జరిగినవి. రాష్ట్రముల నడుమ కృష్ణా జలములను పంచుటకు 1969లో బచావత్ ట్రిబ్యునలు ఏర్పడినది. దాని తీర్పు 1973లో వెలువడి, 1976లో ముగింపు రూపము దాల్చినది. అందులో కృష్ణా డెల్టాకు 181.2 టి.యం.సి. నీరు నిలిచినది. ఒక టి.యం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. ఈ వాదములో పాల్గొన్నవి ప్రభుత్వములు మాత్రమే. రైతునకు అక్కడ కుర్చీ లేదు.

రెండవ రకము నిర్ణయము నీరు విజయవాడ చేరిన పిమ్మట వచ్చును. ఏ కాలువకు ఎన్ని దినములు వదలవలెను? వంతు ఎవరిది ముందు? పూడిక ఎవరు తీయింపవలెను? నూరేండ్లకు పైగా ఈ విషయములు ఇంజనీర్ల చేతిలోను, లాకుల వద్ద కాపున్న లస్కర్ల చేతిలోను ఉండినవి. నీరు చాలని సంవత్సరములలో మొదట దెబ్బ తగులునది శివారు భూములకే. నాగాయలంక, కృత్తివెన్ను, నిజాంపట్నము వైపు సముద్రతీరపు చేలకు కాలువ చివరి నీరే దిక్కు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు పాలు కల్పించు చట్టమును చేసినది. ఆ సంవత్సరమే నాటి ఉమ్మడి రాష్ట్రమంతటను 10,292 నీటి వినియోగదారుల సంఘములు ఎన్నికలతో ఏర్పడినవి. వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు. ఒక్కొక్క సంఘపు పరిధిని కొన్ని భాగములుగా విభజించి, భాగమునకొక సభ్యుని ఎన్నుకొనుట ఏర్పాటు. కాబట్టి కాలువ తల వద్దివారే కాక శివారువారును తమ మనిషిని పంపగలరు. ఇంజనీరు సాంకేతిక సలహా చెప్పి, తీర్మానములను అమలు జరుపును.

ఈ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. కౌలుదారునకు ఓటు ఉండవలెనన్న అతని పేరు హక్కుల రికార్డులో ఉండవలెను. డెల్టాలో కౌలు సేద్యము ఎక్కువ; కౌలు ఒప్పందములు పెక్కు నోటిమాట మీదనే సాగును. అందుచేత నిజముగా నీరు పెట్టువాడు ఓటరు జాబితాలో కనబడకపోవచ్చును. ఎన్నికలు కూడ క్రమముగా జరుగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మరల జరిగినవి.

ఇంతవరకు చూచిన దానినుండి మూడు ప్రశ్నలు తేలుచున్నవి. ఉమ్మడి వస్తువును గూర్చిన నిర్ణయమునకు ఎవరెవరు కూర్చుందురు? ఏ విషయమును ఎవరు తేల్తురు? శివారువాని మాటకు విలువ ఎట్లు వచ్చును? ఇంటర్నెట్టు చరిత్రయంతయు ఈ మూడు ప్రశ్నల చుట్టునే తిరిగినది.

అభిప్రాయములు కోరిన పత్రములు

ఇంటర్నెట్టునకు మూలము అమెరికా రక్షణ శాఖ ధనముతో పుట్టిన ఆర్పానెట్. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిల్స్ శాఖనుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశము పోయినది. ఆ ఏడాది చివరకు వలలో నున్న కేంద్రములు నాలుగే.

ఒక కంప్యూటరు మాటను మరియొకటి గ్రహింపవలెనన్న రెండింటికి ఒకే మర్యాద ఉండవలెను. ఆ మర్యాదలకే ప్రోటోకాలులని పేరు. వాటిని తయారుచేసినవారిలో పెక్కురు విద్యార్థులు. పెద్దలను ఆజ్ఞాపించు అధికారము తమకు లేదని వారికి తెలియును. అందుచేత స్టీవ్ క్రాకర్ అను విద్యార్థి 1969 ఏప్రిల్ 7న వ్రాసిన మొదటి పత్రమునకు ‘అభిప్రాయములు కోరుచున్నాము’ అను అర్థము వచ్చు శీర్షిక పెట్టినాడు. అప్పటినుండి వేలకొలది పత్రములు అదే శీర్షికతో వెలువడినవి. ఇంటర్నెట్టు నియమములు నేటికిని ఆ పేరుతోనే ప్రచురింపబడుచున్నవి.

వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించిన పద్ధతి నుండి రూపొందిన ప్రోటోకాలులకు 1983 జనవరి 1న ఆర్పానెట్ మారినది. వేరువేరు వలలను కలిపి ఒక్క వలగా చేసినవి ఇవే. 1986 జనవరిలో ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ అను కూటమి మొదటిసారి సమావేశమైనది. దీనికి సభ్యత్వము లేదు. పని తెలిసినవారెవరైనను చర్చలో పాల్గొనవచ్చును. ఓట్లు లెక్కించు ఆచారము లేదు. సభలో ఒక ప్రతిపాదనకు సమ్మతించువారు నోరు మూసికొని హుమ్మని మ్రోత చేయుదురు. కాదనువారు తరువాత అట్లే చేయుదురు. ఆ మ్రోతలను బట్టి సభ మొగ్గు ఎటున్నదో అధ్యక్షుడు గ్రహించును. తేలిక మెజారిటీకంటె ఇంచుమించు అందరి సమ్మతి, కాగితముమీది వాదముకంటె పనిచేయు ప్రోగ్రాము ముఖ్యమని వారి సిద్ధాంతము. పనిచేయువారే నియమము వ్రాయుట ఇందులోని బలము. వాడుకొనువారు అప్పటికి ఆ గదిలో లేకపోవుట ఇందులోని కొరత.

పేర్ల పట్టిక

కంప్యూటర్లకు చిరునామాలు అంకెలలో ఉండును. మనుష్యులకు అంకెలకంటె పేర్లు జ్ఞాపకముండును. తొలినాళ్లలో ఏ పేరునకు ఏ అంకెయో తెలుపు జాబితా ఒక్కటే ఉండెడిది. దానిని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందము నిర్వహించెడిది. కంప్యూటర్లు పెరిగిన కొలది ఆ జాబితా మోయరాని బరువైనది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైను పేర్ల పద్ధతిని రూపొందించినాడు.

ఈ పద్ధతి కాలువల అమరికను పోలియున్నది. ప్రధాన కాలువ, దానినుండి పిల్ల కాలువలు, వాటినుండి పంట బోదెలు. అట్లే పేర్లకు ఒక మూలము. దాని క్రింద దేశముల పేర్లు, సంస్థల రకముల పేర్లు. వాటి క్రింద ఒక్కొక్క సంస్థ, ఒక్కొక్క మనిషి పేరు. ప్రతివాడు తన క్రింది భాగమును మాత్రము చూచుకొనును. మూలపట్టికలో ఒక పేరు లేనిచో దాని క్రింది పేర్లన్నియు ప్రపంచమునకు కనబడవు. ఆ పట్టికను అందించు మూల సర్వరులకు 13 పేర్లు కలవు; వాటిని 12 సంస్థలు నడుపుచున్నవి.

ఈ తల లాకునకు చాలకాలము కాపరియైనవాడు జాన్ పోస్టెల్. ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో పనిచేసిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. ఎవరికి ఏ సంఖ్య, ఏ దేశపు పేరు ఎవరి నిర్వహణలో అను లెక్కను ఆయన చూచెడివాడు. ఆయనను ఎవరును ఎన్నుకొనలేదు. నమ్మిక మీదనే పని నడిచినది. ఇంటర్నెట్టులో వ్యాపారము పెరిగిన తరువాత ఆ నమ్మిక చాలలేదు. 1998 జనవరి 28న పోస్టెల్, మూల సర్వరులలో ఎనిమిదింటి నిర్వాహకులకు వ్రాసి, ఇకమీదట మూలపట్టికను తన కంప్యూటరునుండి తీసికొనుడని కోరినాడు. వారు అట్లే చేసిరి. అమెరికా ప్రభుత్వము అభ్యంతరము చెప్పగా, అది ఒక ప్రయోగమని చెప్పి మరల పూర్వస్థితికి తెచ్చినాడు. వల యావత్తునకును మూలమైన పట్టిక ఎవరి చేతిలో ఉన్నదను ప్రశ్న ఆ నాడు ప్రపంచమునకు స్పష్టముగా కనబడినది.

అదే సంవత్సరము సెప్టెంబరు 30న ఐకాన్ అను లాభాపేక్ష లేని సంస్థ కాలిఫోర్నియాలో నమోదైనది. రెండు వారములకే, అక్టోబరు 16న, పోస్టెల్ మరణించినాడు. ఐకాన్‌లో పేర్లు అమ్మువారు, వ్యాపార సంస్థలు, లాభాపేక్ష లేని వాడుకరులు, దేశముల పేర్ల నిర్వాహకులు, సాంకేతిక నిపుణులు, సామాన్య వాడుకరులు - ఒక్కొక్కరికి ఒక్కొక్క విభాగము ఏర్పడినది. ప్రభుత్వములకు సలహా సంఘము కలదు. ఏ ఒక్క వర్గమును ఒంటరిగా నిర్ణయము చేయజాలదు.

ప్రభుత్వములు మాత్రమేనా, అందరునా?

ఐకాన్ ఏర్పడినను, మూలపట్టికలో మార్పులపై తుది తనిఖీ ఒప్పందము ద్వారా అమెరికా వాణిజ్య శాఖ చేతిలోనే నిలిచినది. ఇది ఇతర దేశములకు రుచింపలేదు. 2003లో జెనీవాలోను, 2005లో ట్యునిస్‌లోను ఐక్యరాజ్యసమితి జరిపిన సమాచార సమాజ శిఖరాగ్ర సభలలో ఈ వాదము తీవ్రముగా సాగినది. రెండు సభల నడుమ నియమింపబడిన 40 మంది కార్యవర్గము 2005లో ఇంటర్నెట్టు పాలనకు ఒక నిర్వచనము ఇచ్చినది. ప్రభుత్వములు, వ్యాపార రంగము, పౌర సమాజము - ఎవరి పాత్రలో వారు ఉమ్మడిగా నియమములను, నిర్ణయ పద్ధతులను రూపొందించి అమలు జరుపుట పాలన అని దాని సారాంశము. ట్యునిస్ సభ ఫలితముగా ఏటేట జరుగు ఇంటర్నెట్టు పాలన వేదిక పుట్టినది. దానికి తీర్మానములు చేయు అధికారము లేదు. అందరును సమానముగా కూర్చుండి చర్చించుటకు చోటు మాత్రము కలదు.

ఈ వాదములో భారతదేశపు వైఖరి గమనింపదగినది. 2011 అక్టోబరులో భారతదేశము, 50 దేశముల ప్రభుత్వ ప్రతినిధులతో ఇంటర్నెట్టు విధానములకు ఒక సంఘము ఏర్పరుపవలెనని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినది. ఇది బచావత్ ట్రిబ్యునలు వంటి మార్గము. ప్రభుత్వములు వాదించుకొని పంచుకొను పద్ధతి. 2013లో అమెరికా నిఘా సంగతులను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పిమ్మట, ఆ దేశపు పెత్తనముపై ప్రపంచమంతట అనుమానము పెరిగినది. 2014 మార్చి 14న అమెరికా ప్రభుత్వము తన తనిఖీ బాధ్యతను వదలుకొనుటకు సిద్ధమని ప్రకటించినది. అయితే దానిని మరియొక ప్రభుత్వమునకు గాని, ప్రభుత్వముల కూటమికి గాని అప్పగింపనని షరతు పెట్టినది. 2015 జూన్‌లో భారత ప్రభుత్వము, అన్ని వర్గములు పాల్గొను పద్ధతినే బలపరచుచున్నట్లు ప్రకటించినది. 2016 అక్టోబరు 1న అమెరికా ఒప్పందము ముగిసినది.

దేశములోపల కూడ ఇదే కాలమున ఒక ఉదాహరణ కలదు. కొన్ని వెబ్ సైట్లను ఉచితముగాను, మిగిలినవానిని ధరకును ఇచ్చుట న్యాయమా అను విషయముపై టెలికాం నియంత్రణ సంస్థ 2015 మార్చిలో ప్రజాభిప్రాయము కోరినది. పది లక్షలకు మించిన ఉత్తరములు ఈమెయిలు ద్వారా వచ్చినవి. మరల మరియొక విడత చర్చ జరిగిన పిమ్మట, 2016 ఫిబ్రవరి 8న అట్టి వివక్షతో కూడిన ధరలు నిషేధింపబడినవి. అభిప్రాయములు కోరుట కేవలము లాంఛనము కానవసరము లేదని ఇది తెలుపుచున్నది.

హైదరాబాదులో రెండు సభలు

ఈ చరిత్రలోని రెండు ఘట్టములు తెలుగునేల మీదనే జరిగినవి. ఇంటర్నెట్టు పాలన వేదిక మూడవ సమావేశము 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు హైదరాబాదులో జరిగినది. అందరికిని ఇంటర్నెట్టు అనునది ఆనాటి ముఖ్యాంశము. ఆంగ్లము రానివారు వలను ఎట్లు వాడుకొందురను చర్చకు అందులో చోటు లభించినది. ఐకాన్ 57వ సమావేశము 2016 నవంబరు 3 నుండి 9 వరకు అదే నగరములో జరిగినది. అమెరికా ఒప్పందము ముగిసి నెల దాటిన పిమ్మట జరిగిన మొదటి ఐకాన్ సభ అదియే. సభలు తెలుగునేల మీద జరుగుట ఒక గౌరవము. సభలలో తెలుగు పని జరుగుట వేరొక సంగతి. ఆ రెండవ పని అక్షరముల వద్ద మొదలైనది.

తెలుగు అక్షరములకు చోటు

కంప్యూటరునకు అక్షరము తెలియదు. సంఖ్య మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్యయో ప్రపంచమంతట ఒకే తీరున లేనిచో, బందరులో వ్రాసిన ఉత్తరము ఢిల్లీలో పిచ్చిగీతలుగా కనబడును. భారతీయ లిపులలో పెక్కు బ్రాహ్మినుండి పుట్టినవి కావున, వాటన్నిటికి ఒకే అమరికను భారతీయ ప్రమాణము 1988లోను, 1991లోను నిర్ణయించినది. 1991లో వెలువడిన యూనీకోడు మొదటి కూర్పు ఆ అమరికనే ఆధారముగా తీసికొని తెలుగునకు 128 గళ్ల స్థలము కేటాయించినది.

ఉమ్మడి అమరిక సౌకర్యమే. కాని తెలుగునకే ప్రత్యేకమైన కొన్ని గుర్తులు అందులో చేరలేదు. ‘చలి’, ‘చాప’ అను మాటలలోని చకారము ‘చీమ’లోని చకారము వంటిది కాదు. ‘జల్లెడ’లోని జకారము ‘జీతము’లోని జకారము కాదు. ఈ భేదమును చూపు ౘ, ౙ గుర్తులను బ్రౌను దొర తన నిఘంటువులో వాడినాడు. ఆయన మచిలీపట్నములో కూడ ఉద్యోగము చేసినవాడు. పందొమ్మిదవ శతాబ్దిలోనే అచ్చెక్కిన ఈ గుర్తులకు కంప్యూటరులో చోటు 2008లో గాని రాలేదు. భాష తెలిసినవారు ఆధారములు చూపి ప్రతిపాదనలు వ్రాసి పంపిన పిమ్మటనే అవి చేరినవి. పూర్వము లెక్కలలో పాతికలు, పరకలు చూపుటకు వాడిన భిన్నముల గుర్తులును, ధాన్యపు కొలతయైన తూము గుర్తును ఆ కూర్పులోనే వచ్చినవి. ప్రాచీన శాసనములలోని ఒక అక్షరము 2015లోను, పాత పుస్తకములలో కనబడు నకారపొల్లు 2021లోను చేరినవి.

ఈ తేదీలలో ఒక పాఠము ఉన్నది. తెలుగునకు ఎవరును ద్వేషముతో అన్యాయము చేయలేదు. బల్ల చుట్టు కూర్చున్నవారికి ఆ అక్షరముల అవసరము తెలియలేదు. తెలిసినవారు వచ్చి చెప్పినప్పుడు తలుపు తెరచుకొన్నది. ప్రతిపాదన పంపుటకు ప్రభుత్వ ముద్ర అవసరము లేదు, ఆధారము అవసరము.

తెలుగు, కన్నడము ఒక్క బల్ల వద్ద

అక్షరములు వచ్చిన పిమ్మట పేర్లు రావలెను. 2011లో ‘భారత్’ అను పేరు తెలుగు లిపిలో మూలపట్టికలో చేరినది. తెలుగుతోపాటు మరి ఆరు లిపులలో కూడ దేశపు పేరు అప్పుడు అంగీకరింపబడినది. లోలోపల యంత్రములు ఇట్టి పేరును రోమను అక్షరముల సంకేతముగా మార్చుకొనును. పైకి మాత్రము తెలుగే కనబడును.

పేర్ల విషయములో అక్షరములకంటె కఠినమైన చిక్కు ఒకటి ఉన్నది. తెలుగు, కన్నడ లిపులు ఒకే పూర్వ లిపినుండి విడివడినవి. ర, ల, బ, జ వంటి అక్షరములు రెండింటిలోను ఇంచుమించు ఒకే తీరున ఉండును. యంత్రమునకు అవి వేరువేరు సంఖ్యలు. కంటికి ఒకే అక్షరము. ఒక బ్యాంకు తెలుగులో పేరు పెట్టుకొన్నదనుకొందము. మోసగాడు అదే రూపము వచ్చు పేరును కన్నడ అక్షరములలో సంపాదించినచో, చూచువాడు భేదమును కనిపెట్టజాలడు. తన డబ్బును, రహస్య సంఖ్యను మోసగాని చేతిలో పెట్టును.

ఈ చిక్కును తెలుగువారు ఒంటరిగా విప్పలేరు, కన్నడిగులును విప్పలేరు. అందుచేత ఐకాన్ ఆధ్వర్యమున నియో-బ్రాహ్మి బృందము అను పేర ఒక ఉమ్మడి బృందము పనిచేసినది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, ఒరియా, తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము - ఈ తొమ్మిది లిపుల బాధ్యత దానిది. అందులో భాషావేత్తలు, కంప్యూటరు నిపుణులు, పేర్ల నిర్వహణ తెలిసినవారు కూర్చుండిరి. వారి ముసాయిదాలు ఎవరైనను చదివి అభిప్రాయము చెప్పునట్లు బహిరంగముగా ఉంచబడినవి. 2019లో తెలుగు నియమములు పూర్తియై మూలపట్టిక నియమములలో కలిసినవి. వాటి ప్రకారము తెలుగు, కన్నడ లిపులలో ఒకే రూపము వచ్చు రెండు పేర్లలో ఒకటి ఒకరికి పోయినచో, రెండవది మరియొకరికి ఇవ్వబడదు. అక్షర క్రమమునకు కూడ నియమములు కలవు. గుణింతపు గుర్తు హల్లును ఆశ్రయించియే రావలెను. ఒంటరిగా పేరును మొదలు పెట్టరాదు.

ప్రతి నిర్ణయమునకును ఒక మూల్యము ఉండును. ‘సాఫ్ట్‌వేర్’ అను మాటను సరిగా వ్రాయుటకు టకారము తరువాత కంటికి కనబడని ఒక విభజన చిహ్నము వాడుదురు. అది లేనిచో వకారము ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అగును. ఆంగ్లపు మాటలను వ్రాయుటలో తెలుగువారికి ఇది నిత్యావసరము. కాని కనబడని చిహ్నము మోసమునకు అనువైనది; అది ఉన్న పేరును లేని పేరును కొన్ని చోట్ల ఒకే తీరున కనబడును. అందుచేత మూలస్థాయి పేర్లలో అది అనుమతింపబడలేదు. తెలుగు అంకెలే కాదు, ఏ లిపి అంకెలును అక్కడ చేరవు. రక్షణ కొరకు సౌలభ్యమును కొంత విడువవలసి వచ్చినది. ఈ త్రాసును తూచుటకు తెలుగు చదువను వ్రాయను తెలిసినవారు అక్కడ ఉండుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కుర్చీ ఉన్నంతమాత్రమున చాలునా?

అందరికిని చోటు గల పద్ధతి అని చెప్పుట తేలిక. ఆ చోటును చేరుట తేలిక కాదు. సభలు ఖండాంతరములలో జరుగును. పత్రములు వందలకొలది పుటలు, ఎక్కువగా ఆంగ్లములో ఉండును. పెద్ద కంపెనీలు ఈ పనికే జీతగాండ్రను పెట్టుకొని ప్రతి సభకును పంపగలవు. ఊరి బడి ఉపాధ్యాయుడు పంపబడజాలడు. ఓట్లు లేక సమ్మతితో నడుచు సభలలో, ఓపికగా చివరివరకు నిలిచినవాని మాట నెగ్గుట సహజము. డెల్టాలో నోటిమాట కౌలుదారు ఓటరు జాబితాలో కనబడనట్లే, ఇంటర్నెట్టును ప్రతి దినము వాడుచున్నను దాని నియమములు ఎక్కడ తయారగుచున్నవో ఎరుగనివారు కోట్లకొలది ఉన్నారు.

మరియొక వైపు, ప్రభుత్వములు మాత్రమే కూర్చుండు పద్ధతిలో బాధ్యుడు ఎవరో తెలియును; ఎన్నికలలో అతనిని ప్రశ్నింపవచ్చును. అందరును కూర్చుండు పద్ధతిలో తప్పు జరిగినప్పుడు ఎవరిని నిలదీయవలెనను ప్రశ్న ఇంకను పూర్తిగా తెగలేదు. కృష్ణా డెల్టా అనుభవము చూచినచో రెండు పద్ధతులకును తమతమ స్థానములు కలవు. రాష్ట్రముల నడుమ వాటా తేల్చుటకు ట్రిబ్యునలు కావలసి వచ్చినది. బోదె మీది వంతు తేల్చుటకు మాత్రము ఆ బోదె రైతులే కూర్చుండవలసి వచ్చినది. ఒకరి పనిని మరియొకరు చేయజాలరు.

తీగల విషయములో డెల్టా ముందడుగు వేసినది. విద్యుత్ స్తంభముల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల గాజుతీగలను లాగు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము, 2017 డిసెంబరు 27న కృష్ణ ఒడ్డునున్న అమరావతిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభింపబడినది. నీరు పారుటకు కాలువ తవ్వినంత పని ఇది. 1855లో కాలువలు వచ్చినవి. రైతుల సంఘములు 1997లో గాని రాలేదు. నడుమ 142 సంవత్సరములు గడచినవి. ఇంటర్నెట్టు విషయములో అంత ఆలస్యము జరుగనక్కరలేదు. ఏలయన సంఘపు తలుపు ముందే తెరచియున్నది.

ఉన్నత పాఠశాలలో చేయదగిన చిన్న పనులు కొన్ని కలవు. తెలుగు, కన్నడ వర్ణమాలలను ప్రక్కప్రక్కన వ్రాసి, ఏ అక్షరములు కంటిని మోసగించునో విద్యార్థులచేత గుర్తింపజేయవచ్చును. విభజన చిహ్నము పెట్టియు, పెట్టకయు ఒకే మాటను టైపు చేయించి భేదమును చూపవచ్చును. తాతల కాలపు దస్తావేజులలోను, లెక్కల పుస్తకములలోను ఉన్న గుర్తులను వెదకి, వాటిలో యూనీకోడు పట్టికలో లేనివి ఏమైన ఉన్నవేమో సరిచూడవచ్చును. అట్టిది దొరికినచో, అది ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు వాడబడినదో ఆధారములతో వ్రాసి పంపవచ్చును. తెలుగు పట్టికలో 2008లో చేరిన అక్షరములు అట్టి పని వలననే చేరినవి.